ఒరిగిన సువార్త బస్సు

మా సంఘానికి ఒక బస్సు ఉంది. ఒకప్పుడు ఏదో ట్రావెల్స్ వాళ్ళ దగ్గర రాత్రంతా తిరిగిన ఏసీ బస్సు అది. పాతబడ్డాక మా సంఘం తీసుకుని, సీట్లు పీకించి, రెండు మంచాలూ, గ్యాస్ పొయ్యీ, నీళ్ళ ట్యాంకూ, ఒక మనిషి ఒదిగి నిలబడి స్నానం చేసేంత బాత్రూమూ పెట్టించింది. లంక గ్రామాలకీ మెట్ట ఊళ్ళకీ సువార్తకు వెళ్ళినప్పుడు అందులోనే వంట, అందులోనే పడక, అందులోనే ప్రార్థన. కడియంలో అందరూ దాన్ని సువార్త బస్సు అంటారు. దాన్ని నడిపేది మా ఆయన. ఆయన మాత్రం దాన్ని ‘ఇల్లు’ అంటారు. “ఇల్లు కడిగొస్తాను” అని బకెట్టు పట్టుకుని బయలుదేరేవారు. మా సొంత ఇంటికి ఆ యోగం ఎప్పుడు పడుతుందా అని నేను చూస్తూ ఉండేదాన్ని.

ఆ బస్సుకు కమాను పట్టీలు ఉండవు. చక్రాల దగ్గర బరువంతా మోసేది గాలి నింపిన లావుపాటి రబ్బరు సంచులు. మెకానిక్కులు వాటిని బెలోలు అంటారు. అవి బాగున్నంతకాలం, గోతిలో దిగినా లోపల పడుకున్న మనిషికి ఉయ్యాల ఊగినట్టే ఉంటుంది.

మా అత్తయ్యగారికి ఆ ఉయ్యాల అవసరం పడింది. పెళ్ళికి ముందు ఆవిడ ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే బైబిల్ ఉమన్‌గా పనిచేశారు. తుని అవతల ఒక చిన్న ఊళ్ళో టార్పాలిన్ కింద నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని ఆరాధన మొదలుపెట్టింది ఆవిడే. ఇన్నేళ్ళకు ఆ ఊరివాళ్ళు పక్కా మందిరం కట్టుకున్నారు. ప్రతిష్ఠ ఆదివారం నాడు తలుపు మీరే తెరవాలండి అని ఇంటికి వచ్చి మరీ అడిగి వెళ్ళారు. అయితే అంతకుముందు వానాకాలంలో ఆవిడ జారిపడితే తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని నడుస్తున్నారు గానీ, కారు సీట్లో పక్కనున్న ద్వారపూడి దాకా కూడా కూర్చోలేరు. అంబులెన్సు మాట్లాడతానని మా ఆయన అంటే ఆవిడ ఒప్పుకోలేదు.

“అంబులెన్సులో దిగితే వాళ్ళు ఏడుపు మొదలెడతారు రా. ఇంక ప్రతిష్ఠ ఎవరు చేస్తారు?”

అలా బస్సు ఒక్కటే దారి అయింది. సరిగ్గా అప్పుడే బస్సు ఒరగడం మొదలుపెట్టింది.

ఇంజిన్ నడుస్తుంటే కంప్రెసర్ గాలి నింపుతుంది కాబట్టి బస్సు తిన్నగా నిలబడేది. ఆపి పడుకుంటే తెల్లవారేసరికి ఎడమ వెనక మూల కుంగిపోయి, మోకాలి నొప్పి ఉన్న మనిషిలా ఒక పక్కకు వాలి ఉండేది. మొదట్లో ఇది అప్పుడప్పుడూ జరిగేది. నెల రెండు నెలలు గడిచేసరికి రోజూ అయింది. ప్రయాణానికి ముందువారం అత్తయ్యగారిని మంచం మీద పడుకోబెట్టి కాలువ గట్టు వెంట ఒకసారి తిప్పి చూశాం. ఈసారి ఇంజిన్ నడుస్తుండగానే, దారిలోనే గాలి దిగిపోయింది. ప్రతి గోతికీ బస్సు అడుగు ఇనుముకు కొట్టుకుంది. మంచం పట్టీని పట్టుకున్న ఆవిడ వేళ్ళు తెల్లబడిపోవడం నేను చూశాను. “వెనక్కి తిప్పండి” అని మా ఆయనతో అన్నాను.

బుధవారం హైవే నుంచి మెకానిక్ వచ్చాడు. మనిషి మాటకారి. ప్రతి ఏడూ పెద్దాపురం మరిడమ్మ జాతరకు సెలవు పెడతాడు, క్రిస్మస్‌కు మా ఇంట్లో కేకు తింటాడు. బస్సు బరువును చెక్క దిమ్మల మీద ఆనించి, గాలి పోతే మీద కూలకుండా చూసుకుని కిందికి దూరాడు. ఆ రోజు మా స్త్రీల ప్రార్థన కూడా ఉంది. సంగతి తెలిసి ఆడవాళ్ళంతా బస్సు చుట్టూ చేరారు. మా ప్రార్థన ఒకరి తరవాత ఒకరు చేసేది కాదు. అందరూ ఒక్కసారే గొంతెత్తి చేస్తారు. ఒకామె బస్సు టైరు మీద చెయ్యి వేసింది. ఒకామె ‘సాతానా, పో’ అని అపవాదిని గద్దించింది. అత్తయ్యగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అందరికంటే పైస్థాయిలో అందుకున్నారు.

కాసేపటికి బస్సు కింద నుంచి తల బయటికి వచ్చింది.

“అమ్మగారండీ, దేవుడికి చెప్పాల్సింది చెప్పేశారు కదండీ. ఇప్పుడు బస్సేం చెబుతుందో కాస్త నన్ను విననివ్వండి. గాలి ఎక్కడ బుసకొడతందో ఒక్క ముక్క వినబడట్లేదండి.”

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదట నవ్వింది అత్తయ్యగారు. “ఆపండమ్మా. దేవుడు చెవిటివాడు కాదు, ఇతగాడికే వినబడట్లేదంట,” అన్నారు.

“ఆయ్, నేను మామూలు మనిషినండి మామ్మగారూ.”

తరువాత పెదవులు మాత్రమే కదిలిన ప్రార్థన జరిగింది. అంతమంది ఆడవాళ్ళు ఒకచోట అంత నిశ్శబ్దంగా నిలబడడం నేను మా సంఘంలో ఎన్నడూ చూడలేదు. కొండ మీద ప్రవక్త గాలినీ భూకంపాన్నీ దాటి దేవుని మెల్లని స్వరం కోసం నిలబడ్డ ఘట్టం సండే స్కూలు పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ రోజు నేనే చెవులు రిక్కించి నిలబడ్డాను. నిజంగానే వినబడింది. కుండలో నీళ్ళు మరగబోయే ముందు వచ్చే సన్నని చప్పుడులాంటిది. మెకానిక్ షాంపూ నురుగు బ్రష్షుతో రాసుకుంటూ పోతే, ఒక గాలి గొట్టం జాయింటు దగ్గర బుడగలు పొంగాయి. గొట్టం కొస కోసి, కొత్త జాయింటు బిగించాడు. స్తోత్రం అన్న కేకకు కాలువ గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

గురువారం పొద్దున బస్సు మళ్ళీ ఒరిగి ఉంది.

మా ఆయన టీ గ్లాసుతో అలాగే నిలబడిపోయారు. అత్తయ్యగారు వాకర్ పట్టుకుని వచ్చి, ఆ కుంగిన మూలను చాలాసేపు చూశారు. తరువాత చాలా మామూలుగా, కూర ఏం వండమంటావు అన్నట్టుగా అన్నారు.

“వాళ్ళకి ఫోన్ చేసి చెప్పెయ్యమ్మా, తలుపు వేరేవాళ్ళ చేత తెరిపించుకోమని. దేవుడు వద్దంటున్నాడు. బాగుచేసినా మళ్ళీ ఒరిగిందంటే ఇంకేంటి?”

“వద్దంటే నోటితో చెబుతాడు గానీ బస్సుతో చెబుతాడా అమ్మా?” అన్నారు మా ఆయన.

“బైబిల్లో దారి తప్పిన ప్రవక్తకి గాడిదతో చెప్పించాడు. బస్సుతో చెప్పించలేడా?”

లేఖనాల దగ్గర ఆవిడతో వాదన పెట్టుకుని గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను గానీ చెయ్యలేదు. తుని వాళ్ళకు కాకుండా మెకానిక్‌కు చేశాను.

అతను వచ్చి మళ్ళీ నురుగు రాయడం మొదలుపెట్టాడు. నిన్నటి జాయింటు గట్టిగానే ఉంది. వాల్వు దగ్గర ఏమీ లేదు. నేను నురుగు గిన్నె పట్టుకుని చక్రం పక్కన కూర్చున్నాను. ఎడమ వెనక బెలో మీద బ్రష్షు పెట్టినప్పుడు మాత్రం నురుగు నిలవలేదు. చామాకు మీద నీళ్ళలా జారిపోయింది. “గ్రీజు తగిలినట్టుందండి” అంటూ గుడ్డతో గట్టిగా తుడిచి, ఆ గుడ్డ నా చేతికిచ్చాడు. రబ్బరు నలుపు దానికి తారులా అంటుకుంది. వాసన చూశాను. గ్రీజు కాదు. నాకు బాగా తెలిసిన వాసన. పరీక్షలకు వెళ్ళే పిల్లల నుదుటి మీదా, జ్వరం వచ్చినప్పుడు నా నుదుటి మీదా ఉండే వాసన. అది అత్తయ్యగారి ప్రార్థన నూనె.

అతను తుడిచిన చోట మళ్ళీ నురుగు రాశాడు. ఈసారి నిలిచింది. రబ్బరు మడత వెంట ఆవగింజల వరసలా బుడగలు లేచాయి.

“ఇదిగోనండి, దొరికింది. రబ్బరు మెత్తబడి పగిలిపోయిందండి. దీనికి నూనె ఎవరు రాశారండీ? రబ్బరుకి నూనె పడదండి బాబూ!”

నేను అతనికి సైగ చెయ్యబోయాను. అప్పటికే ఆలస్యమైంది. వెనక కుర్చీలో అత్తయ్యగారు ఉన్నారు.

“నేనే,” అన్నారు.

రోజూ ఉదయం ఆవిడ ఆ చక్రం పక్కన కుర్చీ వేయించుకుని ప్రార్థన చేసుకుంటారని మా అందరికీ తెలుసు. కొబ్బరి ఈనెకు దూది చుట్టి, నూనెలో ముంచి, టైరు సందులోంచి ఆ బెలోకు రాస్తున్నారని ఎవరికీ తెలియదు. రోగికి నూనె రాసి ప్రార్థించడం మాకు చిన్నప్పటినుంచీ నేర్పిన పద్ధతి. బస్సులో రోగం ఎక్కడుందో మూలను చూసి ఆవిడే కనిపెట్టారు. ఒరుగుతున్న కొద్దీ ఇంకా శ్రద్ధగా రాశారు. మొదట కారింది నిజంగా గొట్టమే. ఆ గొట్టం కోసం నెలల తరబడి రాసిన నూనె, బాగున్న రబ్బరును తినేసింది.

ఆవిడ మొహంలో రంగు మారింది. మెకానిక్ కంగారుగా, “అంటే మామ్మగారూ, మంచి నూనేనండి, నూనెది తప్పు కాదండి...” అని ఏదో సర్దబోయాడు.

ఆవిడ చెయ్యి ఎత్తి అతన్ని ఆపారు.

“అయితే వద్దన్నది ఆయన కాదన్నమాట,” అన్నారు, లెక్క తేల్చుకున్నట్టు. “నేనేనన్నమాట.”

“నువ్వూ వద్దనలేదమ్మా,” అన్నారు మా ఆయన.

“ఫోన్ చేశావా అమ్మాయ్?”

“చెయ్యలేదండి అత్తయ్యగారూ.”

“ఎందుకు చెయ్యలేదు? నేను చెప్పానుగా,” అని గదమాయించారు. ఆ గదమాయింపు అంత హాయిగా నాకు ఎప్పుడూ వినిపించలేదు. ప్రార్థన వల్ల ఆ రబ్బరు పగల్లేదు, నూనె వల్ల పగిలింది. ఆ రెండింటినీ ఆవిడ ఎంత తేలికగా విడదీసుకున్నారో చూసి నాకు ఆశ్చర్యం వేసింది. నా విశ్వాసం ఆ వయసుకు అంత చురుగ్గా ఉంటే చాలు.

శుక్రవారం మా ఆయన కాకినాడ వెళ్ళి కొత్త బెలో తెచ్చారు. అత్తయ్యగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ వేసి, పొడి చేతులతోనే ప్రార్థించారు. “చూసుకోవయ్యా, చుక్క కూడా లేదు,” అని మెకానిక్‌కు అరచేతులు చూపించారు. సాయంత్రానికి బిగింపు అయింది. శనివారం పొద్దున తలుపు తీసేసరికి బస్సు నాలుగు కాళ్ళ మీదా తిన్నగా ఉంది.

ఇంటి దగ్గర అరుగు ఎత్తుగా ఉండడంతో దాని మీంచి బస్సు మెట్టుకు చెక్కపలక వేసి ఆవిడను తేలిగ్గానే ఎక్కించాం. సామర్లకోట దాటేసరికి నిద్రపోయారు. కత్తిపూడి దగ్గర హైవే ఎక్కాక లేచి, “ఒక్క కుదుపూ తెలీలేదు. ఇంకా మన కాలువ గట్టేనా?” అన్నారు.

ఆ రాత్రి బస్సులోనే పడుకుని, పొద్దున్నే మందిరం ముందు ఆపాం. తలుపు తీశాక అసలు చిక్కు తెలిసింది. అక్కడ అరుగు లేదు, మెట్టు మరీ ఎత్తు. ఊరివాళ్ళు కుర్చీ తెచ్చి, మోసి దింపుతామండి అన్నారు.

“శవాన్ని దింపినట్టు దింపుతారేంటి? ఈ ఊరికి నడిచే వచ్చాను అప్పుడు. నడిచే దిగుతాను,” అన్నారు ఆవిడ మెట్టు మీద నిలబడి.

మా ఆయన ఒక్క క్షణం ఆలోచించి, అందరినీ దూరంగా జరగమని ముందు చక్రం దగ్గర వంగి, బెలోలోకి గాలి నింపి వదిలే వాల్వు కడ్డీని ఊడదీసి కిందికి నొక్కారు. బస్సు బుసకొట్టింది.

“అయ్యో, మళ్ళీ పోయిందా!” అన్నారు అత్తయ్యగారు తలుపు పట్టుకుని.

“లేదమ్మా. నేనే వదులుతున్నాను. గట్టిగా పట్టుకో.”

ముందు భాగం మెల్లగా, ఏనుగు వంగినట్టు కిందికి దిగింది. నాలుగైదు వేళ్ళ ఎత్తే తగ్గింది. కింద ఒక పీట వేస్తే సరిపోయింది. ఆవిడ ఒక చెయ్యి నా భుజం మీద వేసి, ముందు మంచి కాలు, తరువాత ఆపరేషన్ కాలు కింద పెట్టి, వాకర్ అందుకున్నారు.

మందిరం తలుపుకు రిబ్బను కట్టి ఉంది. పాస్టరుగారు కత్తెర పళ్ళెంలో పెట్టుకుని నిలబడ్డారు. సంఘమంతా పాట ఎత్తుకుంది. ఆవిడ వాకర్ ముందుకు జరిపి ఒక అడుగు, మళ్ళీ జరిపి ఒక అడుగు వేస్తున్నారు. ఎవరు చెయ్యి అందించినా తల అడ్డంగా ఊపారు. పాటలో చరణాలన్నీ అయిపోయాయి. ఆవిడ ఇంకా సగం దూరంలోనే ఉన్నారు. పాస్టరుగారు జనం వైపు చూసి తల ఊపితే, పాట మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు.