రూల్సక్క కోపం

దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమెను అందరూ రూల్సక్క అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసి లోలోపల కాస్త గర్వపడేది కూడా. ఆస్పత్రుల నుంచి, హోటళ్ల నుంచి లారీల్లో వచ్చే దుప్పట్లను విడదీసే బల్ల దగ్గర ఆమె పని. లోపలంతా ఆవిరి, సబ్బు వాసన, చెవులు హోరెత్తించే మెషిన్లు. మాట వినపడాలంటే అరవాల్సిందే. రూల్సక్కకు అదొక ఇబ్బంది కాదు, ఆమె మామూలు గొంతే అంత.

ఆమె ఈ దేశానికి పద్ధతి ప్రకారం వచ్చింది. మొగుడు ముందొచ్చి బస్సు నడుపుతుంటే, ఆమె సొంత దేశంలో చంటిదాన్ని చంకనేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. రక్తపరీక్షలు, వేలిముద్రలు, మీది నిజం పెళ్లేనా అంటూ అద్దం వెనక నుంచి ప్రశ్నలు.

"మీ ఆయన ఏ పక్కకి తిరిగి పడుకుంటాడు అనడిగాడు. అడగడానికి వాడికి లేని సిగ్గు చెప్పడానికి నాకెందుకు? గోడ వైపు అన్నాను" అని భోజనాల గదిలో చెప్పి అందర్నీ నవ్వించేది. తీరా వీసా వచ్చి విమానం దిగితే, కూతురు కన్నతండ్రిని చూసి "ఈ అంకుల్ ఎవరమ్మా?" అంది. ఆ మాట దగ్గర మాత్రం రూల్సక్క నవ్వేది కాదు.

అందుకే దొంగదారిన వచ్చినవాళ్లంటే ఆమెకు ఒళ్లు మండేది. "మేమంతా వెర్రివాళ్లమా లైన్లో నిలబడ్డానికి? ఒక్కొక్కళ్లనీ ఏరి వెనక్కి పంపాలి" అనేది. భోజనాల బల్ల చివర, అందరూ పిచ్చుక అని పిలిచే ఒకామె తల వంచుకుని తినేది.

మనిషి సన్నగా ఉంటుందని ఆమెకు ఆ పేరు. సరుకు లారీలో దాక్కుని సరిహద్దు దాటిందని అక్కడ అందరికీ తెలుసు. పనిలో పెట్టుకున్న ఓనరుకు మరీ బాగా తెలుసు. సెలవు అడగదు, ఆదివారం రమ్మన్నా వస్తుంది, తిట్టినా నోరెత్తదు. ఇంతకన్నా మంచిగా పనిచేసే మనిషి ఓనరుకు ఎక్కడ దొరుకుతుంది?

దుప్పట్లను ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ మీద పిచ్చుకను పెట్టారు. చెయ్యి లోపలికి పోకుండా దాని ముందు ఒక అడ్డుకమ్మీ ఉండాలి. దానికి ఏది తగిలినా మెషిన్ ఆగిపోయి పని వెనకబడుతోందని ఓనరు దాన్ని ఊడదీయించాడు. ఒక మధ్యాహ్నం తడి దుప్పటి అంచు పిచ్చుక వేళ్లకు చుట్టుకుంది. దుప్పటితో పాటు చెయ్యీ లోపలికి వెళ్లింది.

ఆ కేక మెషిన్ల హోరును దాటి వినిపించింది. రూల్సక్క పరిగెత్తి ఎర్ర బటన్ మీద అరచేత్తో బాదింది. రోలర్ ఆగింది. చెయ్యి బయటికి తీసేసరికి చర్మం ఊడి దుప్పటికి అంటుకుపోయి ఉంది.

ఓనరు గదిలోంచి వచ్చి చూశాడు. "అంబులెన్స్ వద్దు. మందు రాసి ఇంటికి పంపండి. ఈవిడ ఇక్కడ పని చెయ్యట్లేదు, అర్థమైందా? అసలు ఎవరో మనకి తెలీదు."

"కళ్లెదురుగా కాలిపోతే తెలీదంటారేంటి సార్?" అంది రూల్సక్క.

"అదేంటమ్మా, ఇలాంటి వాళ్లని పంపించెయ్యాలని రోజూ అనేది నువ్వే కదా!"

రూల్సక్క మొహం జేవురించింది. తన మాటను తీసుకెళ్లి వీడు ఎక్కడ వాడుకుంటున్నాడు! పిచ్చుక భుజం పట్టుకుని బయటికి నడిపించి, టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్లింది.

దెబ్బ ఎక్కడ తగిలిందని అక్కడ అడిగారు. "ఇంట్లో నూనె పడిందని చెప్పక్కా, నీకు దండం పెడతాను" అని పిచ్చుక గొణిగింది. రూల్సక్కకు అబద్ధమాడటానికి నోరు రాలేదు. లాండ్రీ పేరు చెప్పింది, రోలర్ సంగతి చెప్పింది, కమ్మీ ఎవరు తీయించారో కూడా చెప్పింది. చట్టం ఉన్నది ఇలాంటి వాళ్ల పని పట్టడానికే కదా అనుకుంది.

చట్టం వచ్చింది. కానీ ఆస్పత్రి కాగితాల్లోని పేరు పట్టుకుని ముందొచ్చింది వీసాల వాళ్లు. చేతి కట్టు విప్పకముందే పిచ్చుకను తీసుకుపోయారు.

రూల్సక్క ఆ ఆఫీసుకి వెళ్లి కౌంటర్ దగ్గర నిలబడింది. "ఈవిడ లెక్క ప్రకారం రాలేదు, ఒప్పుకుంటాను. నేను కూడా అదే అంటాను. మరి తెలిసీ పనిచ్చినవాడో? చెయ్యి కాల్చినవాడో? వాణ్ణి ఏ బండి ఎక్కిస్తారు?"

"అది మా శాఖ కాదమ్మా" అన్నాడు ఆఫీసరు, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే.

"ఆవిణ్ణి పట్టుకోడానికి మాత్రం మీ శాఖకి దారి బాగానే తెలిసిందే!" అని అరిచింది. కాపలా మనిషి వచ్చి మర్యాదగానే బయటికి పంపాడు.

కార్మిక శాఖ విచారణ మొదలయ్యేనాటికి పిచ్చుక ఈ దేశంలో లేదు. కమ్మీ ఆవిడే తీసేసుకుందని ఓనరు చెప్పాడు. కాదని నిలబడి చెప్పింది రూల్సక్క ఒక్కతే. దెబ్బతిన్న మనిషి ఎదురుగా లేదు గనక ఓనరుకు హెచ్చరికతో సరిపెట్టారు. వారం తిరక్కుండా రూల్సక్క ఉద్యోగం పోయింది.

"నోరు మూసుకోమంటే విన్నావా?" అన్నాడు మొగుడు ఆ రాత్రి, కంచం ముందు కూర్చుని.

"అందరూ మూసుకున్నారు కాబట్టే వాడు అలా తయారయ్యాడు. నువ్వు తిను" అంది.

ఇప్పుడామె ఒక బడిలో వంటపాత్రలు కడుగుతోంది. అక్కడా వాదనలు మానలేదు. "దేశమన్నాక పద్ధతి ఉండాలి, దొడ్డిదారిన రావడం తప్పే" అని ఇప్పటికీ అంటుంది. అయితే అక్కడితో ఆపదు. "ఆ దొడ్డి తలుపు గడియ తీసేదెవరు? లోపల చాకిరీ చేయించుకుని, పని కాగానే పోలీసుల్ని చూపించి బెదిరించేదెవరు? ముందు వాళ్ల కాలర్ పట్టుకోండి, ఆ తర్వాత నాకు రూల్స్ చెప్పండి" అంటుంది. బల్ల చుట్టూ ఎవరూ నవ్వరు.

మొన్నొకసారి పిచ్చుక ఫోన్ చేసింది. రెండు వేళ్లు ఇంకా ముడుచుకోవట్లేదట.

"ఒక్క అబద్ధం ఆడుంటే పోయేది కదక్కా."

"ఆడుంటే వాడు తప్పించుకునేవాడే."

"ఇప్పుడు మాత్రం దొరికాడా?"

రూల్సక్క ఫోన్ పెట్టేశాక, అడుగంటిన పెద్ద గిన్నె ఒకటి ముందుకు లాక్కుని, ఆ ఓనరు మొహమే అక్కడున్నట్టు బరబరా తోమడం మొదలుపెట్టింది.