ఐదు నిమిషాల్లో వచ్చే బస్సు

ఆ వయసులో నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో ఉండేది కాదు. తొమ్మిదో తరగతితో బడి వదిలేశాను (బడే నన్ను వదిలేసిందని మా అక్క వాదన). ఆ తర్వాత గాంధీనగర్‌లో ఒక మిద్దె మీద మూడు కంప్యూటర్లు పెట్టుకున్న ఆసామి దగ్గర చేరి, చూసి చూసి ప్రోగ్రాములు రాయడం పట్టేశాను. ఎవరేమడిగినా 'ఓకే, ఆయ్తు' (అయిపోయినట్టే) అనేయడం ఆయన అలవాటు కాబట్టి మేమంతా ఓకేసార్ అనేవాళ్ళం. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీకి మనుషుల్ని చేరవేసే బస్సులు ఎక్కడున్నాయో, ఎన్ని నిమిషాల్లో వస్తాయో ఫోన్‌లో చూపించే యాప్ ఒకటి చేసిస్తానని ఆయన ఒప్పుకున్నాడు. అందులో బస్సుల కాంట్రాక్టరు సర్వర్‌ను అడిగి జవాబు తెచ్చే భాగం, ఆఫీసు భాషలో హెచ్‌టీటీపీ క్లయింట్ లైబ్రరీ, నా నెత్తిన పడింది.

ఆ సర్వర్‌కు పెద్ద ఆఫీసర్ల లక్షణాలన్నీ అబ్బాయి. జవాబు పైవరుసలో 'అంతా సక్రమం' అని రాసి పంపేది. లోపల చూస్తే ఖాళీ. ఒక్కోసారి 'నూరక్షరాలు పంపుతున్నాను' అని ముందే చాటి, నలభై పంపి ఊరుకునేది. ఇంకోసారి బస్సు ఎక్కడుందని అడిగితే, క్షమించమని కోరుతూ ఒక అందమైన పేజీ పంపేది, దాని మీద కూడా 'అంతా సక్రమం' అనే ముద్రతోనే. మొదట్లో నా లైబ్రరీ బుద్ధిగా ఇలాంటి జవాబులను చెల్లవని తిప్పికొట్టేది. ఫోన్‌లో 'సమాచారం లేదు' అని పడేది. జనం ఫిర్యాదులు మొదలుపెట్టారు.

"లేదు అని యాడన్నా చెప్తారేమప్పా? మన ఊర్లో ఎవరన్నా దారి అడిగితే తెలీదంటామా? ఏదో ఒక పక్క చెయ్యి చూపిస్తాం గదా. మర్యాద బేడవా, వద్దా?" అన్నాడు ఓకేసార్.

నిజమే మరి. మా వైపు దారి అడిగినవాణ్ణి తెలియదని పంపేయడం, ఇంటికొచ్చినవాణ్ణి మంచినీళ్ళివ్వకుండా పంపడంతో సమానం. దారి తప్పినా సరే, వాడు సంతోషంగా తప్పాలి. ఆ మర్యాదను నేను ప్రోగ్రాములోకి ఎక్కించాను: చెల్లని జవాబు వస్తే గుటుక్కున మింగేసి, అంతకుముందు వచ్చిన మంచి జవాబునే మళ్ళీ చూపించు. మొత్తం నాలుగు వరుసలు. ఫిర్యాదులు ఆగిపోయాయి. ఓకేసార్ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. నేను కొత్త శాస్త్రం కనిపెట్టినవాడిలా వారం రోజులు వీధిలో ఛాతీ విరుచుకుని తిరిగాను.

మా బావ ఆ ఫ్యాక్టరీలోనే టెంపరరీ. పర్మనెంటు చేసే కాగితం సూపర్‌వైజరు చేతిలో ఉంది. అప్పటికే రెండుసార్లు లేటయ్యాడు కాబట్టి, మూడోసారి లేటైతే పేరు కొట్టేస్తానని ఆయన చెప్పేశాడు. ఒక పొద్దున బావ హడావుడిగా బయలుదేరబోతుంటే అక్క ఆపిందట. "తమ్ముడు అంత పెద్ద యాప్ చేసినాక పరుగులెందుకు? కూర్చోని తిను."

బావ నాకు ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, బస్సు యాడుండాదప్పా?"

"వస్తాండాది బావా. ఐదు నిమిషాలు" అన్నాను యాప్ చూసి.

రెండు దోసెలయ్యాక మళ్ళీ చేశాడు. "ఇప్పుడు?"

"ఐదు నిమిషాలే బావా."

"ఏందప్పా, అప్పుడూ ఐదే, ఇప్పుడూ ఐదేనా? బస్సు యెనక్కి పోతాండాదా ఏంది?"

అప్పుడు తట్టింది నాకు. సర్వర్ పంపిన జవాబులు తెరిచి చూశాను. అరగంటగా పైన 'అంతా సక్రమం', లోపల ఖాళీ. యాప్ చూపిస్తున్నది అరగంట కిందటి ఐదు నిమిషాలు; బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది! ఓకేసార్ బండి తాళాలు లాక్కుని, బావను వెనక ఎక్కించుకుని తోరణగల్లు దారి పట్టాను. ముందంతా ఇనుపరాయి లారీలు. ఆ దుమ్ములో ఇద్దరం ఎర్రగా తేలాం. దారి పొడుగునా బావ అన్నది ఒక్కటే మాట: "మీ అక్కకు నువ్వే చెప్పల్ల."

గేటు బయట, కాంట్రాక్టు మనుషుల షెడ్డు దగ్గరికి చేరేసరికి ఇరవై నిమిషాలు లేటు. ఫోన్ లేనివాళ్ళూ, ఉన్నా నమ్మనివాళ్ళూ అందరూ వేళకే వచ్చి నిలబడి ఉన్నారు. కానీ హాజరుపట్టీ ఇంకా తెరవలేదు. తెరవాల్సిన సూపర్‌వైజరే రాలేదు. మరో పది నిమిషాలకు ఆయన ఆటోలో దిగాడు, ఫోన్ చేతిలోనే ఉంది.

"కంటోన్మెంట్ బస్టాపు పక్క హోటల్లో కూర్చోని మూడు కాఫీలు తాగితి. ఐదు నిమిషాలంటాది, మళ్ళా ఐదు నిమిషాలంటాది! దీన్ని చేసినోడు యావనప్పా? సిక్కనీ నా చేతికి!"

అంతలా కేకలు వేసి, ఆ రోజు అందరూ సరైన వేళకే వచ్చారని పట్టీలో రాసుకున్నాడు, తనతో సహా. నేను బండి చక్రంలో గాలి చూస్తున్నట్టు నటిస్తూ కిందికి వంగిపోయాను.

ఆ సాయంత్రమే నాలుగు వరుసలూ పీకేశాను. చెల్లని జవాబు వస్తే 'బస్సు జాడ తెలియడం లేదు, రోడ్డు మీదకు వెళ్ళండి' అని పెద్ద అక్షరాలతో పడేలా చేశాను. ఓకేసార్ మళ్ళీ బజ్జీలు తెప్పించలేదు.

బావ పర్మనెంటయ్యాడు. కానీ ఇప్పటికీ పొద్దున్నే అరగంట ముందు వెళ్ళి రోడ్డు మీద నిలబడతాడు. మొన్న నేనూ ఆయన పక్కన నిలబడి, ఉండబట్టలేక అన్నాను: "బావా, యాప్ ఇప్పుడు నిజమే చెప్తాండాది."

"చెప్పనీలేప్పా, మంచిదే" అన్నాడు, రోడ్డు మీంచి కన్ను తిప్పకుండా.

నాకు నవ్వొచ్చింది. ఖాళీ జవాబులు చేతిలో పెట్టుకుని ఐదు నిమిషాలని ఢంకా బజాయించి చెప్పిన ఆ కుర్రవాడి ధీమాలో పావు వంతు కూడా ఇప్పుడు నా దగ్గర లేదు. వాడి మీద కొంచెం అసూయ కూడా కలిగింది. బావ చూస్తున్న వైపే నేనూ చూస్తూ నిలబడ్డాను.