గాలిలో బొట్టు

పక్కింటివాళ్లు ప్రహరీకి వెల్ల వేయిస్తున్నారు. ఈ ఎమల్షన్ల కాలంలో ఒంగోల్లో సున్నం ఎక్కడ దొరికిందో గాని, తొట్టిలో నీళ్లు పడగానే బుసబుసా పొంగి, ఆ వేడి వాసన మా వంటింటి కిటికీలోంచి నేరుగా లోపలికొచ్చింది. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిటికీ మూసేశాను. అరవై దాటినదాన్ని, ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకి సైన్సు చెప్పినదాన్ని, సున్నం వాసనకి జడుసుకోవడమేమిటని మా ఆయన నవ్వారు. నవ్వితే నవ్వనీ. మా వీధిలో పుట్టి ఉంటే తెలిసేది.

వినుకొండకి పోయే దారిలో, మిరప చేలూ పత్తి చేలూ తప్ప చూపానినచోటల్లా ఇంకేమీ కనిపించని పల్లె మాది. మా వీధి ముసలివాళ్లు ఆకూ వక్కా సున్నం లేకుండా నమిలేవాళ్లు. నోరు పండేది కాదు, రుచీ పచీ ఉండేది కాదు, అయినా పెళ్లిళ్లలో సున్నం డబ్బీ ముందుకొస్తే తేలుని చూసినట్టు వెనక్కి జరిగేవాళ్లు. కారణం ఊరికి తూర్పున ఉన్న దిబ్బ. తెల్లదొరల కాలం దాకా ఆ దిబ్బంతా బొమ్మలు చెక్కిన సున్నపురాళ్లేనట. దొరగారికి బంగళా కట్టాల్సి వచ్చి కొన్ని బట్టీలో కాలి సున్నమయ్యాయి. చూడముచ్చటగా ఉన్నాయని ఆయన ఏరుకున్నవి బండ్లెక్కి, రేవుకి పోయి, ఓడలో వెళ్లిపోయాయి. ఆ రాళ్ల నడుమ నిలబడి ఉన్న మా అమ్మవారి ఒళ్లు ఓడెక్కింది, పాదాలు మట్టిని వదలక ఇక్కడే ఉండిపోయాయి. మొహం ఏమైందో మాత్రం ఎవరికీ తెలియదు. బట్టీలోనే పడిందని కొందరనేవాళ్లు. అది ఏ సున్నంలో కలిసిందో, తిరిగి తిరిగి ఎవరి నోట్లో పడుతుందో ఎవరు చెప్పగలరు?

దొర పోయాక ఆ బంగళా రిజిస్ట్రేషన్ ఆఫీసు అయింది. పొలాల పనిమీద వెళ్లిన మా వీధివాళ్లు ఎంతసేపైనా వరండాలో నిలబడేవాళ్లు గాని గోడకి ఆనుకునేవాళ్లు కాదు. ఒకసారి నాయనమ్మతో వెళ్లి, ఎండకి నీరసపడి నేను గోడకి జారగిలబడ్డాను. నా జాకెట్టు వెనకంతా తెల్లటి పొడి అంటుకుంది. నాయనమ్మ తిట్టలేదు. పొడి కింద పడకుండా తన కొంగుతో మెల్లగా అద్ది, ఆ కొంగుని ముడివేసుకుని నడిచి, దిబ్బ దగ్గర పాదాల మీద దులిపింది. ఆ రోజు రాత్రి నాకు వీపు చల్లగా అనిపిస్తూనే ఉంది.

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి కళ్లాల నిండా ఎండుమిరపకాయలు పరుచుకుని, ఊరు ఊరంతా తుమ్ముతూ ఉండేది. ఆడవాళ్లు మొహాలకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతుంటే, మేం పిల్లలం ఆ ఘాటుకి కళ్లు నులుముకుంటూ, కొత్త కారం కలిపిన ముద్దలు చేతిలో పెట్టుకుని దిబ్బ మీదికి పరిగెత్తేవాళ్లం. తొక్కుడుబిళ్లకి కుండపెంకులే వాడాలి, తెల్లరాయి ముక్క ముట్టుకుంటే వీపులు చిట్లేవి. దిబ్బ నడుమ ఆ పాదాలుండేవి, కడియాలు పెట్టుకుని, వేళ్లు కాస్త ఎడంగా, ఇప్పుడే ఎవరో వచ్చి నిలబడినట్టు. మిట్టమధ్యాహ్నం వాటినుంచి నిండు మనిషి నీడ పడుతుందని అందరం అనుకునేవాళ్లం. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, మా బాబాయి కొడుకైతే ఆ నీడకి జడ కూడా ఉందన్నాడు. నేనెప్పుడూ చూడలేదు. చూడకుండా ఉండాలని మధ్యాహ్నం పూట తల తిప్పుకుని పోయేదాన్ని.

మిరప ఇంటికి చేరాక అమ్మవారికి కొలుపు చేసేవాళ్లం. పొంగళ్లు, చలిమిడి, బూరెలు, మిరియాలు దంచి వేసిన పానకం, పసుపు వాసన, డప్పులు. అన్నీ అయ్యాక డప్పులు ఆపేసేవాళ్లు. అప్పుడు మా నాయనమ్మ ఉంగరం వేలికి తడి కుంకుమ అద్దుకుని, పాదాల ముందు నిలబడి, చెయ్యి పైకెత్తేది. పాదాలకి కాదు, అమ్మ నుదుటికి బొట్టు పెట్టాలి. లేని నుదురు ఎక్కడుందో వేలికే తెలియాలి. గాలిలో మెల్లగా పైకి పోతున్న చెయ్యి ఒకచోట ఆగేది. నాకు రోజూ పొద్దున్నే బొట్టు పెట్టేటప్పుడు ఎట్లా నొక్కేదో అట్లాగే ఆ వేలికొస కొద్దిగా అణిగి, గోరు కింద పాలిపోయేది. దగ్గర్నుంచి చూసినదాన్ని, అందుకే చెబుతున్నాను. వేలు ఆగని ఏడాది అమ్మ ఊరు వదిలినట్టేనని లెక్క.

నాకు పదేళ్లప్పుడు నాయనమ్మ భుజం పట్టేసి చెయ్యి లేవలేదు. ఆ బొట్టు నాయనమ్మ రక్తం పంచుకున్న ఆడపిల్లే పెట్టాలి, ఇంట్లో ఆ లెక్కకి నేనొక్కదాన్నే. మా అమ్మ వద్దంటే వద్దంది. పిల్ల వేలు ఆగకపోతే ఊరు ఊరుకుంటుందా, జీవితాంతం దీన్ని ఏమని పిలుస్తారని ఏడ్చింది. నాయనమ్మ వినలేదు. బాబాయి నన్ను ఎత్తి పట్టుకున్నాడు.

"యాడ పెట్టాలి నాయనమ్మా?"

"తగిలినకాడ ఆపవే."

"తగలకపోతే?"

ఆవిడ బాగున్న చేత్తో నా వేలికి తడి కుంకుమ అద్దింది. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. నా వేలు పైకి పోతూనే ఉంది. ఏమీ లేదు, వట్టి ఎండ. ఊరికి అమ్మని నేనే పోగొట్టబోతున్నానని ఏడుపొచ్చి చెయ్యి దించుతుంటే, చాలా కిందుగా, దాదాపు నా నడుం ఎత్తులో, వేలికేదో అడ్డం వచ్చింది. కొత్త కుండలా, చల్లగా ఉంది. నేను కెవ్వున అరిచాను.

"అంత కిందకి పెట్టిందేందిరా పిల్ల!" అన్నారెవరో.

"చిన్నపిల్ల గదా," అంది నాయనమ్మ నెమ్మదిగా. "అమ్మే తల వంచింది."

డప్పులు మళ్లీ మోగాయి. నా వేలికి కుంకుమ లేదు. ఆ తర్వాత పెళ్లయి ఊరు దాటేదాకా ఏటా నేనే పెట్టాను.

ఇప్పుడా దిబ్బ లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చదును చేసేశారు. పాదాలు అపురూపమైనవని చెప్పి మ్యూజియానికి తీసుకెళ్లారు. ఊరివాళ్లు ఊరుకోక, రోడ్డు పక్కన సిమెంటు అమ్మవారిని నిలబెట్టారు, నిండు విగ్రహం, గులాబీ రంగు మొహం. పోయినసారి వెళ్లినప్పుడు కుంకుమ భరిణె తీశాను. "బొట్టు పని లేదులే వదినా, పెయింటుతో దిద్దిచ్చాం, వానకి గూడా పోదు," అంది మా బాబాయి కోడలు. భరిణె మూసి సంచిలో వేసుకున్నాను. మా వీధిలో ఇప్పుడందరూ సున్నం వేసుకునే నములుతున్నారు.

ఇవాళ ఆ వాసనకి ఇంట్లో నిలవలేక, ఇన్నాళ్లూ పోవడానికి మనసొప్పని ఆ మ్యూజియానికి వెళ్లాను. అద్దాల పెట్టెలో పాదాలు, పసుపు కడిగేసి, బోసిగా. పక్కన ఫొటో, ఏదో విదేశీ మ్యూజియంలో ఉన్న పైభాగానిది, మెడ దాకా. కింద రాసి ఉంది: సేవకుడి ప్రతిమ కావచ్చు. శిరస్సు లభ్యం కాలేదు. నాకు ఒళ్లు మండింది. మేం తరతరాలుగా బొట్టు పెడుతున్న మొహం వీళ్లకి లభ్యం కాలేదట!

హాల్లో ఎవరూ లేరు. సంచిలోంచి భరిణె తీసి, ఉంగరం వేలికి కుంకుమ అద్దుకుని, అద్దానికి పైన, ఖాళీ గాలిలోకి చెయ్యి ఎత్తాను.

"మేడమ్, ముట్టుకోమాకండి," తలుపు దగ్గర్నుంచి గార్డు కేకేశాడు.

"నేనేం ముట్టుకోలేదు బాబూ," అన్నాను.

అబద్ధం చెప్పాను.