కారం లేని కుండ

ఉరెదియా నైజీరియాలోని న్సుక్కా బజారులో మగవాళ్ల ప్యాంట్లు కుట్టేది. ఆడదానివి, గౌన్లు కుట్టుకోరాదా అని పక్క బల్లల దర్జీలు నవ్వేవారు. "మీరు పాడుచేసిన ప్యాంట్లన్నీ నా బల్ల మీదికే వస్తున్నాయి, ఇంక గౌన్లకి తీరికెక్కడిది?" అనేది. నోరున్న మనిషి. అలాంటి మనిషి కాన్పయ్యాక పన్నెండు రోజులు నోరెత్తలేదు.

తల్లి లేని పిల్ల కాబట్టి బాలింత సేవకి ఊరి నుంచి అత్తగారు అకుడో దిగింది. ఒక సంచిలో ఎండు చేపలు, ఇంకో సంచిలో న్సుక్కా పసుపురంగు మిరపకాయలు. ఆ కాయ సంగతి తెలిసిందే, కుండ మూత తీస్తే వీధి చివర వాళ్లు తుమ్ముతారు. పెండలం ముక్కలు, ఎండు చేప, దండిగా కారం వేసి పొగలు కక్కే చారు కాచి రోజుకి మూడుసార్లు కోడలి ముందు పెట్టేది. చెడు రక్తం పోవాలన్నా, పాలు పడాలన్నా అదే మందని ఆవిడ నమ్మకం. ముగ్గురు కోడళ్లకి అలాగే చేసింది.

నాలుగో రోజున ఉరెదియాకి మొదటిసారి విరేచనమైంది. గాజుపెంకు దిగినట్టు అనిపించింది. ఆ తర్వాత గంటసేపు మంట, ఒక పక్కకి ఒరిగి కూర్చోవడం. కాన్పు నొప్పిని అందరితో చెప్పుకోవచ్చు, ఈ నొప్పిని ఎవరితో చెప్పాలి? తినకపోతే వెళ్లే పనే ఉండదనుకుంది. చారు సగం తాగి, కర్రపెండలం ముద్ద రెండు పిడికిళ్లు మింగి గిన్నె తోసేసేది. నీళ్లూ తగ్గించింది. దాంతో మలం ఇంకా గట్టిపడింది, ప్రతిసారీ మానబోయిన చోటే మళ్లీ చీలింది. పాలు తగ్గాయి. పిల్లవాడు ఏడ్చినప్పుడల్లా అకుడో చారులో ఇంకో రెండు కాయలు చిదిమేది.

పన్నెండో రోజు పొద్దున నెత్తురు చూసింది. పిల్లవాడిని వీపున కట్టుకుంది.

"బాలింతవి, గడప దాటకూడదు. ఎక్కడికి?" అంది అకుడో.

"ఆసుపత్రికి. నేను చెప్పలేని చోట నొప్పిగా ఉంది."

ఆరోగ్య కేంద్రంలో వర్జీనియా సిస్టర్ చూసి, "చీలిక. చిన్నదే, కానీ దాన్ని మాననివ్వడం లేదు నువ్వు. ఏం తింటున్నావు?" అని అడిగింది.

ఉరెదియా చెప్పింది.

"కడుపు మాడ్చుకోవడం ఆపు ముందు. మెత్తగా వెళ్లాలంటే తినాలి. బెండకాయ, ఆకుకూర, బాగా ముగ్గిన బొప్పాయి, ముగ్గిన అరటిపండు. అలసందలు మెత్తగా ఉడికించి మొదట కొంచెం, పొట్ట అలవాటు పడ్డాక ఎక్కువ. పిల్లాడికి పాలిచ్చినప్పుడల్లా గ్లాసుడు నీళ్లు. మైదా రొట్టె, వేపుళ్లు, ఎండు మాంసం పక్కన పెట్టు. గోరువెచ్చని నీళ్లలో కూర్చో, అత్తలు బాలింతలకి కాచే సలసల కాగే నీళ్లలో కాదు. మానేదాకా కారం వద్దు. ఆరు వారాల్లో తగ్గకపోయినా, నెత్తురు ఎక్కువైనా, జ్వరం వచ్చినా నా దగ్గరికి రా."

"కారం లేకుండా మా అత్త ఊరుకోదు, సిస్టర్."

"పుండు మీ అత్తదా, నీదా?"

తిరిగి వచ్చేటప్పుడు బజారులో బొప్పాయి, బెండకాయలు కొంది. నేరుగా వంటింట్లోకి పోయి పొయ్యి మీద చిన్న కుండ పెట్టింది. బెండకాయ తురిమి, గుమ్మడాకు తుంచి, ఉప్పు, కొద్దిగా ఎర్రటి పామాయిల్ వేసింది.

అకుడో గుమ్మంలో నిలబడింది. "కారమేదీ?"

"లేదు అత్తమ్మా."

"జబ్బు మనుషుల కూడు అది. నా కొడుకు ఇంట్లో బాలింతకి అది పెట్టానంటే ఊళ్లో ఏమంటారు?"

"మీరు పెట్టలేదు, నేను వండుకున్నానని చెప్పండి. వెనకాల చీలింది అత్తమ్మా. నెత్తురు వస్తోంది. పుండు మీద కారం చల్లుకుని పాలు పడ్డ తల్లిని ఒక్కదాన్ని చూపించండి, మీ కుండ మొత్తం తాగుతాను."

"నా సంచి సర్దుకోనా అయితే?"

"వద్దు, ఉండండి. పిల్లాడికి నీళ్లు పోయడం మీకొచ్చినట్టు నాకు రాదు. కానీ నా నోట్లోకి ఏది పోవాలో నేను చూసుకుంటాను."

అకుడో సంచి సర్దలేదు. తన చారు కాచడం మానలేదు కూడా. పొయ్యి మీద రెండు కుండలు ఉడికాయి.

నాలుగో వారం భర్త తరఫు ఆడవాళ్లు ఎనిమిదిమంది బిడ్డను చూడ్డానికి వచ్చారు. అకుడో అందరికీ గిన్నెల్లో చారు పోసింది. ఉరెదియా తన బెండకాయ కూర తెచ్చుకుని వాళ్ల మధ్యే కూర్చుంది.

"ఏమే, పళ్లు రాలాయా? పిల్లాడి కూడు తింటున్నావు," అంది ఒకావిడ.

"పట్నం పిల్ల, కారానికి భయం," అంది ఇంకొకావిడ. నవ్వులు.

ఉరెదియా ముద్ద మింగింది. "కారానికి కాదు, దొడ్డికెళ్లాలంటే భయం వేసింది. మలద్వారం చీలింది. ఇది తింటే మానుతోంది, అది తింటే చీలుతోంది. ఇంకెవరికైనా ఏమైనా అడగాలనుందా?"

ఒకావిడ గిన్నెలోకి చూసింది. అకుడో తల దించుకుని పిల్లవాడి కాళ్లు నిమురుతూ కూర్చుంది.

మర్నాడు వాళ్లలో ఒకావిడ, బోనిఫేస్ వాళ్లమ్మ, ఒక్కతే మళ్లీ వచ్చింది. నలుగురు పిల్లల తల్లి. గుమ్మం దగ్గరే నిలబడి, "ఆ సిస్టర్ ఏ రోజుల్లో ఉంటుంది?" అని అడిగింది. నాలుగో కాన్పు నుంచీ, ఏడేళ్లుగా ఇదే బాధ పడుతోందట. ఉరెదియా ఆమెకి బొప్పాయి కోసి పెట్టింది, సిస్టర్ చెప్పినవన్నీ చెప్పింది. ఏడేళ్ల నొప్పి కాబట్టి తిండితో సరిపెట్టుకోకుండా ముందు చూపించుకోమంది.

ఐదో వారం నొప్పి దాదాపు పోయింది. ఆ ధీమాతో వీధిలోకి అమ్మకానికొచ్చిన ఓక్పా, అంటే ఆవిరికి ఉడికించిన కారపు పప్పుముద్దలు, వేడివేడిగా రెండు తినేసింది ఉరెదియా. మర్నాడు మళ్లీ గాజుపెంకు. దాచలేదు. "నా తప్పే అత్తమ్మా. నోరు ఆగలేదు," అంది.

దెప్పుతుందనుకుంది. అకుడో లేచి వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపటికి అలసందలు గుజ్జుగా ఉడికించి, ముగ్గిన అరటిపండు కలిపి తెచ్చింది.

"ఉప్పు చూడు. కారం లేని వంట నాకు చేతకాదు," అంది.

ఉప్పు ఎక్కువైంది. ఉరెదియా నీళ్లు తాగుతూ మొత్తం తినేసింది.

ఆరు వారాలకి సిస్టర్‌కి మళ్లీ చూపించుకుంది, మానడానికి తొమ్మిది వారాలు పట్టింది. పాలు అంతకుముందే పడ్డాయి. మూడో నెల అకుడో ఊరికి వెళ్తూ మిగిలిన మిరపకాయలు అక్కడే వదిలేసింది. ఉరెదియా ఇప్పుడు కారం తింటుంది, తనకి కావలసినంత. మిషను దగ్గర మెత్తటి దిండు వేసుకుంటుంది, గంటకోసారి లేచి నడుస్తుంది, నీళ్ల సీసా పక్కనే ఉంటుంది. అప్పుడప్పుడు కొలతలిచ్చే నెపంతో ఎవరో ఒకరు వంగి ఆ నొప్పి గురించి చెవిలో అడుగుతారు. ఒకసారి పక్క బల్ల దర్జీయే అడిగాడు.

"గట్టిగా అడుగు," అంటుంది ఉరెదియా. "నువ్వేం దొంగతనం చేయలేదుగా."