డాక్టరుగారు పెట్టిన కంపు

కోళ్ల పెంట లారీ పక్కనుంచి వెళితే నాకిప్పటికీ కడుపులో దేవుతుంది. కలిదిండిలో మా నాన్న చేపల చెరువుల్లో మేతకని ఆ పెంటే వేసేవారు. ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఆ వాసన నాకు తెలియదు, ఎప్పుడూ ముక్కు దిబ్బడే. నోటితో గాలి పీల్చుకుంటూ నాన్న చంకలో దూరి నిద్రపోయేదాన్ని.

ఏలూరులో డాక్టరుగారు ముక్కులో సన్న గొట్టం పెట్టి పచ్చటి చీమిడంతా గరగరమని లాగేశారు. అది గాజు సీసాలో జిగటగా సాగుతుంటే చూసి, అక్కడే భళ్లున కక్కేశాను.

మందులు వాడాక ముక్కు తెరుచుకుంది. ఆ సాయంత్రం నాన్న చెరువు నుంచి వచ్చి నన్ను ఎత్తుకోబోయారు. కుళ్లిన గుడ్లు, తడి ఈకలు, చేపల నీచు కలిసిన కంపు గొంతుదాకా దిగింది.

"అమ్మా, డాక్టరుగారు నా ముక్కులో కంపు పెట్టేశారు!" అని ఏడ్చాను.

అమ్మ "ఏవండీ" అని ఆగిపోయింది. నాన్న చాచిన చేతులు వెనక్కి తీసుకున్నారు.

"పోద్దిలే అమ్మా, రేపటికి పోద్ది," అన్నారు.

నిజంగానే పోయింది. మందు పనిచేసిందనుకున్నాను. మర్నాటి నుంచి నాన్న చెరువు గట్టు మీద బోరు దగ్గరే ఎర్ర సబ్బుతో ఒళ్లు తోముకుని, బట్టలు మార్చుకుని ఇంటికి వచ్చేవారని నేను పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

అప్పటిదాకా ఆ సబ్బు వాసనే నాన్న వాసన అనుకున్నాను.