సీటు లేని సైకిళ్లు, గెడ్డలో రాళ్లు

మొన్న శుక్రవారం పొద్దున్నే వాకిలి ఊడుద్దామని తలుపు తీసేసరికి మా వరండాలో రెండు సైకిళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. ఒకటి చిన్న చక్రాలది, ఒకటి పెద్ద చక్రాలది, రెండింటికీ సీట్లు లేవు. ఎవరో సీట్లు కొట్టేశారనుకుని కంగారుగా మనవరాలిని లేపాను. అది కళ్లు నులుముకుంటూ వచ్చి, "ఎవరూ కొట్టేయలేదు అమ్మమ్మా, వీటికి సీట్లుండవు. వీటి మీద కూర్చోరు" అని నవ్వింది. కూర్చోవడానికి పనికిరాని సైకిలు ఇంకెందుకే అంటే, నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది.

దాన్ని ట్రయల్స్ అంటారట. రాళ్లూ దుంగలూ అడ్డంగా పేర్చి ఉంటే వాటి మీదుగా సైకిలుతో గెంతుకుంటూ దాటాలి, కాలు కింద పెట్టకూడదు, పెట్టినప్పుడల్లా ఒక మార్కు పోతుంది. మా పిల్ల ఏడాదిగా ఊరి చివర రాతిగుట్ట దగ్గర ఒక మాస్టారి వద్ద ఇది నేర్చుకుంటోందని నాకు తెలుసుగానీ, మోకాళ్ల మీద చెక్కుకుపోయిన గాయాలు తప్ప ఆ విద్య వివరం నాకు తెలియదు. ఇప్పుడు విశాఖపట్నంలో పోటీ ఉందట, మాస్టారు మూడు రోజులకని రెండు బళ్లూ ఇచ్చి ఆదివారం సాయంత్రానికి ఒకటి ఎంచుకోమన్నారట. ఎంచుకున్నాక ఇక దాని మీదే సాధన, దాని మీదే పోటీ, మధ్యలో మారిస్తే చేతికి పట్టు తప్పుతుంది. చిన్న చక్రాలది ఇరుకులో చప్పున తిరుగుతుంది, గెంతడానికి తేలిక, కాని రాళ్ల సందులో పడిందంటే కూరుకుపోతుంది. పెద్దది సందుల మీదుగా దొర్లిపోతుంది, కాని ఎత్తు మీద అదుపు తప్పితే మనిషినీ తీసుకునే పడుతుంది. మా పిల్ల తొమ్మిదో తరగతి, పొట్టీ కాదు పొడుగూ కాదు. వాళ్లమ్మ చిన్నది తీసుకోమంది, వాళ్ల నాన్న పెద్దదన్నాడు, మాస్టారేమో నీ ఇష్టమన్నారు.

శనివారం దాని వెంట నేనూ రాతిగుట్టకు వెళ్లాను. నా నడుమంత ఎత్తున్న రాయి మీదికి అది చిన్న బండితో ఎక్కి, రెండు బ్రేకులూ నొక్కిపట్టి, అటూ ఇటూ ఊగకుండా నిలబడిపోయింది. ఎదుటి రాయికీ దానికీ మధ్య బారెడు సందు. జడ కూడా కదలడం లేదు. చెప్పుల్లో నా కాలివేళ్లు వాటంతటవే ముడుచుకుని నేలను గట్టిగా అదుముతున్నాయి. "కాలు దించకు!" అని నా నోటివెంట ఎలా వచ్చిందో వచ్చింది. ఆ మాట నాది కాదు. నలభై ఏళ్ల కిందట మా వైపు గెడ్డ అనే కొండవాగు అవతలి గట్టు మీద నిలబడి నా నేస్తం అరిచిన మాట.

అప్పుడు మా కాపురం రోలుగుంట వైపు, కొండ మొదట్లో ఉన్న పల్లెలో. మా వైపు నేస్తం కట్టుకోవడమంటే ఏమిటో మన వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు. నలుగురి ముందూ ఒకరికొకరు చీర పెట్టుకుని నేస్తమనుకుంటే ఇక పేరు పెట్టి పిలుచుకోవడం ఉండదు, సొంత అక్కచెల్లెళ్ల కన్నా ఎక్కువ. నా నేస్తం కొండ మీది పిల్ల. సంతకు అడ్డాకుల కట్టలు తెచ్చి మా అరుగు మీద కూర్చుని గంజి తాగి వెళ్లేది. ఆ ఏడు దానికి ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడే కొండ మీది పల్లెల్లో పిల్లలకు తట్టు సోకింది. ఎగువ పల్లెలో ఇద్దరు పసివాళ్లు పోయారని సంతలో చెప్పుకున్నారు.

ఆసుపత్రి సిస్టరు గారు తట్టు రాకుండా సూదిమందు వేయిస్తామని ముందురోజే కొండెక్కి, తల్లుల్ని పోగుచేసి, ఆ రాత్రి అక్కడే ఉన్నారు. మందు మర్నాడు పొద్దున నర్సీపట్నం నుంచి ఐసు పెట్టెలో బస్సు మీద మా పల్లెకు రావాలి, అక్కడినుంచి నేను పట్టుకెళ్లాలి. ఎప్పుడూ మోసే ముసలాయనకు జ్వరమొచ్చింది, నాకైతే మా నేస్తం ఇంటి దారి తెలుసు. "సూరీడు నెత్తిమీదికి వచ్చేదాకా ఉంటారమ్మా, ఆ తరవాత పోడు పనులకు పోతారు. మళ్లీ వీళ్లని ఒకచోట చేర్చాలంటే నెల పడుతుంది" అని సిస్టరు గారు మరీ మరీ చెప్పి వెళ్లారు. తట్టు నెల ఆగదని నాకు తెలుసు. నడిచి వెళితే అందుకోలేను, సైకిలు మీద వెళితేనే.

సైకిళ్లు రెండున్నాయి. మా ఆయన మిల్లుకు వెళ్లే పెద్ద చక్రాల బండి ఒకటి, సిస్టరు గారు నన్ను నేర్చుకోమని ఇచ్చిన వాళ్లమ్మాయి చిన్న చక్రాల బండి ఒకటి. నాలుగు నెలలుగా కళ్లంలో రెండూ తొక్కడం నేర్చుకున్నానుగానీ, పెద్దదాని మీద నా కాలు నేలకు అందదు.

మా ఆయన తన బండి తుడిచి ముందు పెట్టారు. "దీన్ని తీస్కెల్లు. పెద్ద సక్రం రాళ్ల మీంచి దొర్లిపోతాది. సిన్నది సందులో కూకుంటాదే."

మా అత్తగారు ఊరుకోలేదు. "కాలందని బండెక్కి నలుగురిలోనా బోర్లా పడితే మానం పోద్దిరా!" అని నా వైపు తిరిగి, "గుంటా, నువ్వు సిన్నదే ఎక్కు. పడబోతే కాలానించొచ్చు."

ఇద్దరి మాటా నిజమే. నేను పడబోయేటప్పటి సంగతే ఆలోచించుకుని చిన్నది తీసుకున్నాను.

బస్సు ఆలస్యమైంది. పెట్టెను క్యారియరుకు పాత ట్యూబుతో బిగించి బయల్దేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. గెడ్డ దాకా బాగానే వెళ్లాను. ఆ గెడ్డకు అప్పట్లో వంతెన లేదు, ఇటునుంచి అటు వరసగా పరిచిన బల్లరాళ్లే దారి. ఒక మనిషి పట్టే వెడల్పు, పక్కన నడుస్తూ సైకిలు నడిపించడానికి చోటుండదు, తొక్కుకుంటూ పోవాల్సిందే. ముందురోజు కొండ మీద వాన పడిందేమో, ఎప్పుడూ మోకాలి లోతు ఉండే నీరు ఎర్రగా రాళ్ల అంచులు తాకుతూ పోతోంది. సైకిలు ఇటే వదిలి పెట్టె నెత్తిన పెట్టుకుని పోదామా అంటే, గెడ్డ దాటాక ఇంకా రెండు మైళ్ల బాట ఉంది. సూర్యుణ్ణి చూశాను. తొక్కాను.

సగం దాటాక మా ఆయన చెప్పినట్టే అయింది. ముందు చక్రం రెండు రాళ్ల సందులో కూరుకుపోయింది. అత్తగారు చెప్పినట్టు కాలు ఆనించబోయాను, కింద పాచి. కాలు జర్రున జారి తొడ దాకా నీళ్లలోకి దిగిపోయింది, బండి పక్కకు ఒరిగింది, వెనక పెట్టె నీళ్లకు జానెడు ఎత్తున వేలాడుతోంది. ఒక చేత్తో హేండిలు, ఒక చేత్తో పెట్టె పట్టుకుని ఎలాగో కాలు పైకి లాక్కుని రాయి మీద చతికిలబడ్డాను. నీళ్ల హోరులో నా ఏడుపు నాకే వినపడలేదు.

ఆ హోరును చీల్చుకుంటూ అవతలి గట్టు మీదనుంచి కేక వినిపించింది. "నేస్తం! ఓలమ్మ! కాలు దించకు, అక్కడంతా పాసి!"

పిల్లను వీపుకు కట్టుకుని, ఆలస్యమైందని వెతుక్కుంటూ కిందికి దిగి వచ్చింది నా నేస్తం. పిల్లతో నీళ్లలోకి రాలేదు. గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ అరుస్తోంది. "ఏటలా కూకుండిపోనావు? లెగు! ముందు సక్రం పైకెత్తు. ఎడం పక్క తెల్లరాయి లేదా, దాని మీదెట్టు!"

లేచాను. ఎత్తాను. ఆ బండి చిన్నది కాబట్టి నా చేతులకు లేచింది. ముందు చక్రం తెల్లరాయి మీద, తరవాత పెట్టెతో సహా వెనక చక్రం. మళ్లీ ముందు, మళ్లీ వెనక. "అది కాదు, అది కదుల్తాది! దాని పక్కది! బేగి రా, బేగి!" అని అది అరవడం, నేను ఎత్తి పెట్టడం. ఎన్ని రాళ్లో నేను లెక్కపెట్టలేదు. గట్టు చేరి తడి చీర పిండుకుంటుంటే అది నన్ను ఎగాదిగా చూసి, "సైకిలు మీద నువ్వొచ్చావా, నీ మీద సైకిలొచ్చిందా?" అంది. ఇద్దరం నవ్వబోయి ఏడ్చాం.

మేము చేరేసరికి ఇద్దరు తల్లులు అప్పటికే పలుగు భుజాన వేసుకుని నిలబడ్డారు. సిస్టరు గారు పెట్టె తెరిచి ఐసు మీద చెయ్యి వేసి, ఇంకా కరగలేదని చూసుకుని నా తల నిమిరారు. మొదటి సూది నా నేస్తం పిల్లకే పడింది. గుక్కపట్టి ఏడ్చింది. అంత గట్టి ఏడుపు విని అంత సంతోషపడ్డది నా జన్మలో అదొక్కసారే.

ఆ తరవాత పెట్టె మోసే పని నాకే ఉండిపోయింది. పెట్టె మీది పల్లె పేరు చదువుకోవాలని నలభై దాటాక సిస్టరు గారి దగ్గరే అక్షరాలు దిద్దాను. అంతకు చాలా ముందే ఆ గెడ్డలో ఏ రాయి కదులుతుందో ఏది కదలదో నాకు కంఠతా వచ్చేసింది.

నిన్న, ఆదివారం సాయంత్రం, మనవరాలు రెండు బళ్ల మధ్యా నిలబడి నన్నే అడిగింది. "అమ్మమ్మా, అందరూ చెప్పారు. నువ్వు చెప్పు, ఏది?"

దాచుకున్నది బయటికి తీసే వేళ వచ్చిందనిపించింది. "ఇరుక్కున్నప్పుడు నువ్వొక్కదానివే ఏది ఎత్తుకోగలవో అది" అన్నాను.

అది ఒక చేత్తో చిన్నది ఎత్తింది. రెండో చేత్తో పెద్దది కూడా చేట ఎత్తినంత తేలిగ్గా ఎత్తింది. "రెండూ లేచాయి అమ్మమ్మా. ఇప్పుడేం చేయమంటావ్?"

సైకిలు గురించి నాకు తెలిసిందల్లా ఆ ఒక్క ముక్కే. అది పెద్ద బండి హేండిలు మీద చెయ్యి వేసి, "ఇది తీసుకుంటా. నేనింకా ఎదుగుతాను కదా" అంది. పడేటప్పుడు కాలు అందాలని ఆ రోజు నేను ఎంచుకున్నాను, ఈ పిల్ల తాను ఎదగబోయే ఎత్తుకు ఎంచుకుంది. ఆ ఆలోచన మా ఇంట్లో అప్పట్లో ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు.

గెడ్డ మీద ఇప్పుడు వంతెన ఉంది, మందు పెట్టె మోటారు సైకిలు మీద పోతోంది. నేస్తం పోయి నాలుగేళ్లయింది. దాని పెద్దకర్మకు ఆటోలో వెళుతూ వంతెన మీద ఆపించి కిందికి చూశాను, రాళ్ల వరస ఇంకా ఉంది, తెల్లరాయి మటుకు కనపడలేదు. అడ్డమొచ్చిన రాళ్లను ఎలా దాటాలా అని మేము బెంగపడ్డాం, మా పిల్లలు రాళ్లెక్కడున్నాయా అని వెతుక్కుంటూ పోతున్నారు. అది మంచిదే. వాళ్లకు అవతల ఎవరూ పలుగు భుజాన వేసుకుని ఎదురుచూడటం లేదు.

పోటీకి నేనూ వెళుతున్నాను. రాళ్లకు అవతలి వైపు నిలబడతానని పిల్లకు చెప్పాను. సరేగానీ, చూసేవాళ్లు అరిస్తే ఏకాగ్రత చెదురుతుంది, నోరు మెదపకూడదని మాస్టారు గట్టిగా చెప్పి పంపారు. కాబట్టి ఆ రోజు నేను నోరు మూసుకునే నిలబడతాను. చెప్పుల్లో నా కాలివేళ్లు నేలను అదుముకుంటే మాత్రం మాస్టారికేం కనపడుతుంది.