పదకొండో మనిషి

కొత్త లైను మీదుగా రైలు నడవడం మొదలైన నెలలోనే నేను అందులో వచ్చి రామగుండంలో దిగాను. ఆ రైలు కోసమే వేసిన గోదావరిఖని బస్సు బయట హారన్ కొడుతోంది. నేను ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుండిపోయాను. లేవాలనీ అనిపించలేదు, ఉండాలనీ అనిపించలేదు.

రైలు పెట్టెలో నా ఎదుట కూర్చున్న పెద్దాయన బస్సు దగ్గర్నుంచి వెనక్కి నడిచొచ్చాడు. దారి పొడుగునా మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

"మన పెట్టెల నుంచి దిగినోళ్లం పదకొండు మందిమి బిడ్డా. బస్సుకాడ పది మందే ఉన్నరు. లే."

"నేను తర్వాతొస్త. మీరు పోండ్రి."

"గట్లెట్ల పోత? బొగ్గు బాయిల ముప్పై ఏండ్లు చేసిన. షిఫ్టు అయిపోయినంక అందరు పైకొచ్చిండ్రా అని లెక్క చూసుకునేటోళ్లం. ఒక్కనాడు చూడకుండ ఇంటికి పోయిన."

ఆ తర్వాత ఏమైందో చెప్పలేదు. నా సంచీ అందుకుని నడిచాడు. సంచీ వెనకాలే నేనూ నడిచాను.

డ్రైవరు విసుక్కున్నాడు. పెద్దాయన బస్సు రేకు మీద రెండుసార్లు చరిచి, "అందరం పైకొచ్చినం, పోనియ్" అన్నాడు.

బస్సులో ఎవరో నవ్వారు. మేం వచ్చింది చదునైన ప్లాట్‌ఫారం మీంచే.

నాకు మాత్రం నవ్వు రాలేదు.